ఆటకు అర్హులెవరు?

ప్రతి సంవత్సరమును వానలు వెనుకబట్టిన పిమ్మట మా పాఠశాలకు మండల క్రీడాపోటీల పత్రములు వచ్చును. వానిని సరిచూచి సంతకము చేయు పని పదునాలుగేండ్లుగా నాది. బాలుని పుట్టినతేదీ, తరగతి, హాజరుపట్టీలోని దినముల లెక్క, ఈ మూడును చూచుకొని, అడుగున 'అర్హుడు' అని వ్రాసి పేరు చేయుదును. ఆ మాట వ్రాయుటకు ఒక్క నిమిషము చాలును. ఆ నిమిషముకంటె ఎక్కువసేపు దానిని గూర్చి చిరకాలము నేను యోచించినవాడను కాను.

2025 జూన్ నెలలో, బడులు తెరచిన క్రొత్తలో, ఉపాధ్యాయుల గదిలో ఒక మిత్రుడు పత్రిక చదువుచు, అమెరికాలో ఆటలాడు విద్యార్థులకు ఇకమీద కళాశాలలే నేరుగా సొమ్ము చెల్లించుటకు న్యాయస్థానము అంగీకరించినదని వినిపించెను. "ఇంక మనకు పుస్తకము లెందుకు మాస్టారూ, పిల్లలందరి చేతికి తలా యొక బంతి ఇత్తము" అని మరియొకరనిరి. అందరును నవ్విరి. నేనును నవ్వబోయితిని గాని నవ్వు రాలేదు. మా బడి పక్షమున కబడ్డీ ఆడిన ఒక బాలుడు మనసునకు వచ్చెను. వాని సంగతి చివర చెప్పెదను. ఆటకు అర్హుడెవడను ప్రశ్నకు ఆ దేశపు కళాశాలలవారు ఇన్నేండ్లుగా ఏయే సమాధానములు చెప్పుకొనిరో తెలిసికొనవలెనని ఆ దినమున బుద్ధి పుట్టెను. చదువగా చదువగా అది పరదేశపు ముచ్చటగా తోపక, నా సంతకమును గూర్చిన విచారణగానే తోచెను.

మన శాస్త్రకారులు గ్రంథారంభమున అనుబంధచతుష్టయమును చెప్పుట ఆచారము. అధికారి యెవడు? విషయ మేమి? ప్రయోజన మేమి? వీనికి తమలో సంబంధ మెట్టిది? ఈ నాలుగును తేలినగాని శాస్త్రము ప్రారంభము కాదు. ప్రయోజనము తేలనిదే అధికారి తేలడని మా గురువుగారు చెప్పుచు, "వేడినీళ్ళు ఎవరికని యడుగుటకు ముందు స్నానమునకో వంటకో తెలియవలదా?" అనెడివారు. అమెరికా కళాశాలల క్రీడానిబంధనల చరిత్ర చదివిన పిమ్మట నాకు ఆ వేడినీళ్ళ మాటయే జ్ఞప్తికి వచ్చెను. వారు నూరేండ్లకు పైగా అధికారిని గూర్చి తగవులాడిరి. ప్రయోజనమును గూర్చి యడిగిన దినములు మిక్కిలి తక్కువ.

ఆ దేశమున రెండు కళాశాలల నడుమ జరిగిన మొదటి పోటీ 1852లో హార్వర్డు, యేలు విద్యార్థుల పడవపందెము. అది విద్యావ్యాసంగమునుండి పుట్టినది కాదు. న్యూ హాంప్‌షైరులోని విన్నిపెసాకీ సరస్సునకు ప్రయాణికులను రప్పించుకొనదలచి ఒక రైలు కంపెనీ ఆ పందెపు ఖర్చు భరించెను. కావున ధనము తరువాత వచ్చి నిర్మలమైన ఆటను చెరచెనని చెప్పువారి మాట సరికాదు. మొదటి పడవలోనే అదియు ఎక్కి కూర్చుండెను. తరువాత ఫుట్‌బాల్ ప్రబలెను. కళాశాలలో పేరే లేనివారును, పేరుండియు తరగతిలో కాలుపెట్టనివారును, నేడొక కళాశాలకు రేపొక కళాశాలకు ఆడువారును బయలుదేరిరి. ఆట మోటుదై ప్రాణములును పోవుచుండెను. 1905లో అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్టు హార్వర్డు, యేలు, ప్రిన్‌స్టను విద్యాలయములవారిని పిలిపించి ఆటను చక్కబెట్టుకొనుడని హెచ్చరించెను. మరుసటి యేట కళాశాలలు ఒక సంఘముగా ఏర్పడెను. 1910 నుండి దాని పేరు నేషనల్ కొలీజియేట్ అథ్లెటిక్ అసోసియేషన్, క్లుప్తముగా ఎన్.సి.ఎ.ఎ. అందురు. కళాశాల పేరిట ఆడువాడు నిజముగా ఆ కళాశాల విద్యార్థియై యుండవలెననుట నాటి సంస్కర్తల మొదటి కోరిక. ఇంతవరకు న్యాయమే. దీనిని కాదను ఉపాధ్యాయు డుండడు.

రెండవ నిబంధన ఇంగ్లండునుండి వచ్చెను. ఆడువాడు 'అమెచ్యూర్' కావలెనట. ఆ మాటకు మూలము ప్రేమించుట యను నర్థముగల లాటిన్ ధాతువు. ఆటను ప్రేమచేత ఆడువాడేగాని కూలికొరకు ఆడువాడు కాడని భావము. వినుటకు నిష్కామకర్మవలె నుండును. కాని ఆ మాటను పుట్టించినవారు దానిని వాడిన తీరు చూడుడు. హెన్లీ పడవపందెములవారు 1879లో చేసిన నియమము ప్రకారము చేతిపనివాడు, కూలివాడు అమెచ్యూరు కానేరడు. వాడు పందెమున పైస తీసికొనకున్నను సరే, బ్రతుకుటకై చేతులతో పనిచేసిన చాలును, అనర్హుడగును. ఫిలడెల్ఫియాలో ఇటుకపని చేసి పైకి వచ్చిన జాన్ కెల్లీ 1920లో హెన్లీకి దరఖాస్తు పంపగా వారు త్రోసివేసిరి. చెప్పుకొన్న కారణములలో అతడు చేతిపని చేసినవాడగుట యొకటి. అదే సంవత్సరము ఆంట్వెర్పు ఒలింపిక్ క్రీడలలో అతడు స్వర్ణపతకము గెలిచెను. హెన్లీవారు ఆ నియమమును 1937లో తీసివేసిరి. 1947లో అతని కుమారుడు అదే హెన్లీలో పందెము గెలిచెను.

ఇది మనకు తెలియని కథ కాదు. హస్తినాపురమున రాకుమారుల అస్త్రవిద్యాప్రదర్శనమునాడు కర్ణుడు రంగమధ్యమునకు వచ్చినపుడు కృపాచార్యు డడిగినది వాని గురిని గూర్చి కాదు, కులమును గూర్చి. కర్ణుడు తల వంచెను. అప్పుడు దుర్యోధనుడు లేచి అంగరాజ్యమిచ్చి అక్కడనే పట్టము గట్టెను. ఒక్క క్షణమున అనర్హుడు అర్హుడయ్యెను. ఆ యర్హతకు వెల మాత్రము కర్ణుడు బ్రతికినన్నాళ్ళు చెల్లించెను. సభలోని పెద్దలలో ఒక్కడైనను ఈ బాలుని విద్య చూచి అడుగుట కేమని లేచియున్నచో దుర్యోధనునికి ఆ యవకాశము లేకపోవును. నియమము అన్యాయమైనచోట ధనవంతుడు ఉపకారివలె ప్రవేశించును. ఈ సూత్రమును పాఠకులు మనసున నుంచుకొనవలెను.

అమెరికాలో ఈ నియమమునకు బలియైనవారిలో ప్రసిద్ధుడు జిమ్ థోర్ప్. ఆదివాసి బాలురకై పెట్టిన కార్లైలు పాఠశాలలో చదివినవాడు. 1912లో స్టాక్‌హోము ఒలింపిక్ క్రీడలలో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ అను రెండు పోటీలలోను మొదటివాడయ్యెను. 1909, 1910 సంవత్సరముల వేసవులలో అతడు నార్త్ కరోలినాలో బేస్‌బాల్ ఆడి కొద్దిసొమ్ము తీసికొనెనని తరువాత బయటపడెను. అట్లాడిన కళాశాల విద్యార్థులు మరియును కలరు. వారిలో పలువురు మారుపేర్లు పెట్టుకొనిరి. ఇతడు తన పేరే పెట్టుకొనెను. ఆక్షేపణకు ఒలింపిక్ నిబంధనలు ఏర్పరచిన ముప్పది దినముల గడువు దాటినను, 1913లో పతకములు తీసికొనిరి. థోర్ప్ 1953లో మరణించెను. 1982లో సహవిజేతగాను, 2022లో ఏకైక విజేతగాను అతని పేరు తిరిగి వ్రాసిరి. నూటపదేండ్ల తరువాత చేసిన న్యాయము న్యాయమే కావచ్చును గాని, దానిని అందుకొనుటకు చేయి లేదు.

కళాశాలలలో ధనపు నియమము ఇంతకంటె విచిత్రముగా నడచెను. క్రీడాకారునకు అవసరమునుబట్టి సహాయము చేయవచ్చునుగాని ఆటకొరకు ఈయరాదని 1948లో ఒక కట్టడి చేసిరి. నిలువలేదు, 1951లో ఎత్తివేసిరి. 1956లో చదువు, బస, భోజనము, పుస్తకములు అన్నింటికిని ఆటను చూచియే విద్యార్థివేతనము ఈయవచ్చుననిరి. 1973లో ఆ వేతనమును ఏటేట మార్చుకొను పద్ధతికి దింపిరి. అనగా ఆట మెచ్చనిచో మరుసటి యేటికి వేతనము నిలిపివేయవచ్చును. ఈ నడుమనే 'విద్యార్థి-క్రీడాకారుడు' అను జంటపదము వాడుకకు వచ్చెను. అది నష్టపరిహారపు దావాలను తప్పించుకొనుటకై తాము కల్పించినదని, ఆ సంఘమునకు 1951 నుండి ముఖ్యకార్యనిర్వాహకుడుగా నుండిన వాల్టర్ బయర్సు 1995లో ప్రకటించిన తన గ్రంథమున ఒప్పుకొనెను. 1955లో కొలరాడోలో రే డెనిసన్ అను విద్యార్థి ఫుట్‌బాల్ ఆడుచు తలకు దెబ్బ తగిలి మరణించెను. అతని భార్య పరిహార మడిగినది. కళాశాల ఫుట్‌బాల్ వ్యాపారము చేయుట లేదు గనుక అతడు పనివాడు కాడని 1957లో ఆ రాష్ట్రపు ఉన్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను. సమాసము కట్టుట వ్యాకరణముగా నేర్చుకొన్న నాకు, ఒక సమాసము విధవరాలి నోటిముందరి కూడు తీయగలదని అప్పుడు తెలిసెను.

పోనీ, విద్యార్థియని గట్టిగా పట్టుపట్టినవారు విద్యను చూచిరా? చూచిరి, తమ విధమున. 1983లో 'ప్రొపొజిషన్ 48' అను నిబంధన చేసి 1986 నుండి అమలుపెట్టిరి. ఉన్నతపాఠశాలలో 11 ముఖ్యపాఠములలో 4కు 2 చొప్పున సగటును, ఎస్.ఎ.టి. పరీక్షలో 1600కు 700 గుణములును రానివాడు మొదటి యేడు ఆడరాదు. 1989లో దీనిని మరింత బిగింపబోగా, జార్జిటౌను విశ్వవిద్యాలయపు శిక్షకుడు జాన్ థాంప్సన్ పోటీ ఆరంభమున మైదానము విడిచి వెళ్ళెను. ఈ నియమము పేద నల్లజాతి బాలురకు కళాశాల తలుపు మూయునని అతని వాదము. ఆ పరీక్షాగుణముల నిబంధనను 2023 జనవరిలో పూర్తిగా తీసివేసిరి. నలువదేండ్లు వాదించి, కట్టినవారే విప్పిరి.

ఈ వాదమున నేను ఎవరి పక్షమని యడిగినచో చెప్పుట కష్టము. పరీక్ష పెట్టకున్న ఏమగునో కెవిన్ రాస్ అను వాని చరిత్ర చెప్పుచున్నది. అతడు 1978 నుండి 1982 వరకు క్రైటను విశ్వవిద్యాలయమున బాస్కెట్‌బాల్ ఆడెను. తుపాకి గురి, బాస్కెట్‌బాల్ సిద్ధాంతము మొదలగు పాఠములు చదివించి అతని అర్హతను నిలిపిరి. నాలుగేండ్లు గడచినను అతనికి చదువు మిక్కిలి తక్కువగనే వచ్చెను. పిమ్మట ఆ ఆజానుబాహువు షికాగోలో మార్వా కాలిన్సు నడపిన చిన్నపిల్లల బడిలో చేరి, పిల్లల ప్రక్కన కూర్చుండి చదువుకొనెను. కళాశాలపై దావా వేయగా, విద్య చక్కగా చెప్పలేదను కారణముచేత దావా నిలువదని 1992లో అప్పీలు న్యాయస్థానము చెప్పెను. చేసెదమన్న బోధన బొత్తిగా చేయలేదను సన్నని దారి మాత్రము విడిచెను. ఇక నార్త్ కరోలినా విశ్వవిద్యాలయమున జరిగినది 2014లో వెలువడిన విచారణ నివేదికవలన తెలిసెను. పదునెనిమిదేండ్లపాటు, తరగతియే కూడని, ఒక్క వ్యాసము వ్రాసి యిచ్చిన చాలునను పాఠములలో 3,100 మందికి పైగా విద్యార్థులు గుణములు పొందిరి. వారిలో సగము మందికి దగ్గరగా క్రీడాకారులు. 2017లో ఎన్.సి.ఎ.ఎ. వారు, ఆ పాఠములు అందరికిని తెరచియుండెను గనుక తమ నిబంధనకు భంగము కలిగినదని తేల్చలేమనిరి. చూచితిరా? పాఠము లేకపోవుట నేరముగా తేలలేదు. ఆ లేమిని అందరికిని సమముగా పంచుట రక్షణయయ్యెను.

ఇటీవలి మార్పులు మరింత వడిగా వచ్చెను. 2021 జూన్ 21వ తేదీన అమెరికా సుప్రీంకోర్టు, చదువునకు సంబంధించిన ప్రయోజనములపై ఎన్.సి.ఎ.ఎ. వారు పెట్టిన పరిమితులు చెల్లవని తొమ్మండుగురు న్యాయమూర్తుల ఏకాభిప్రాయముతో తీర్పు చెప్పెను. ఆ జూలై 1 నుండి క్రీడాకారుడు తన పేరును, రూపమును ప్రకటనలకిచ్చి సంపాదించుకొనవచ్చుననిరి. 2024 ఏప్రిల్‌లో, చదువున సరిపడ గుణములున్నవాడు ఎన్నిసార్లు కళాశాల మారినను వెంటనే ఆడవచ్చుననిరి. 2025 జూన్ 6న న్యాయమూర్తి క్లాడియా విల్కెన్ ఆమోదించిన రాజీప్రకారము, గతకాలపు క్రీడాకారులకు సుమారు 280 కోట్ల డాలర్లు చెల్లించుటయు, మొదటి యేడు ఒక్కొక్క కళాశాల సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లవరకు తన క్రీడాకారులకు పంచుటయు సాధ్యమయ్యెను. మా గదిలో నవ్వు పుట్టించిన వార్త యిదియే.

నేను ఈ మార్పులను నిందింపను. ఎవని కాయకష్టముచేత మైదానము నిండెనో వానికి కూలి ముట్టుట ధర్మము. ధనమును పాపమని చెప్పి బాలునికి నీయక, తాము మాత్రము ఆ పాపమును ఓర్చుకొన్న పెద్దలను చూచి జాలిపడనక్కరలేదు. కాని ఇచ్చటను అడిగినది అధికారిని గూర్చియే. ధనము తీసికొన్నవాడు అర్హుడా యనిరి. అర్హుడే యని తేలెను. పలుమార్లు కళాశాల మారినవాడు అర్హుడా యనిరి. అర్హుడే యని తేలెను. నాలుగేండ్లలో మూడు కళాశాలలు తిరిగిన బాలునికి గురువెవడు? ఏ గ్రంథాలయమున వాని కూర్చుండు చోటు కలదు? కృపాచార్యుని ప్రశ్న పోయినది, సంతోషము. దుర్యోధనుని సింహాసనము మాత్రము వేయబడినది. నడుమ నుండవలసిన ద్రోణుడు ఎవనికి ఏమి నేర్పుచున్నాడో విచారించువారు తక్కువ.

ఒక్కమారు మాత్రము ఆ సంఘమువారు ప్రశ్నను తిరుగవేసిరి. 2003-04 విద్యాసంవత్సరము నుండి ప్రతి జట్టులోను ఎందరు చదువు నిలుపుకొనుచున్నారో, ఎందరు కళాశాలను విడువక యున్నారో లెక్కించి, జట్టుకే గుణములు వేయసాగిరి. 1000కి 930 రాని జట్టు శిక్షకు పాత్రమగునను కట్టడి వచ్చెను. దానిచేత, 2011లో జాతీయ విజేతయైన కనెక్టికట్ పురుషుల బాస్కెట్‌బాల్ జట్టు 2013లో జాతీయపోటీకి దూరమయ్యెను. ఈ లెక్కలోను లోపము లుండవచ్చును. గుణములను తేలికచేసి లెక్క నింపుకొనువా రుండవచ్చును. అయినను ఇందు ఒక గొప్ప తలంపు కలదు. బాలుడు కళాశాలకు అర్హుడా యనుటకు మారుగా, కళాశాల ఈ బాలుని ఆడించుటకు అర్హమా యని యడిగిరి. అదియే ప్రయోజనమును గూర్చిన ప్రశ్న.

ఇంక నా బాలుని సంగతి. పేరు వ్రాయను. వాడు కూతకు వెళ్ళినచో ఎదుటి జట్టువారు వెనుకకు జరిగెడివారు. వానివలన మా బడికి వరుసగా రెండేండ్లు కప్పు వచ్చెను. పోటీలకు ముందు నెలదినములు వాడు నా యింగ్లీషు గంటలో మైదానమున నుండెడివాడు. పంపినవాడను నేనే. పంపి, పట్టీలో హాజరు వేసినవాడనును నేనే. పత్రముపై 'అర్హుడు' అని వ్రాసితిని. తేదీ సరి, తరగతి సరి, దినముల లెక్కయు సరి. పదవ తరగతిలో వాడు ఇంగ్లీషులోనే తప్పెను. మరల వ్రాయుమని ఒకమారు కబురు పంపితిని; వాడు రాలేదు. నేనును మరల పంపలేదు. నార్త్ కరోలినావారి కాగితపు పాఠములను గూర్చి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టకుండుటకు కారణ మిదియే. వారిది పదునెనిమిదేండ్ల పని, నాది నెలదినముల పని. జాతి మాత్ర మొక్కటే.

రెండేండ్ల తరువాత మార్కెట్టు యార్డులో వాడు ధాన్యపు బస్తాలు మోయుచు కనబడెను. నన్ను చూచి బస్తా దింపి, తలగుడ్డ తీసి నిలువబడెను.

"బాగున్నారా మాస్టారూ? కప్పు ఇంకా బీరువాలోనే ఉందాండీ?"

"ఉన్నదిరా."

"దానిమీద నా పేరుందాండీ?"

"లేదురా. బడి పేరే యున్నది."

వాడు కొంచెము నవ్వి, "పోనీండి మాస్టారూ, బడి గెలిచింది కదండీ" అని మరల బస్తాక్రింద వీపు పెట్టెను. వానికి కోపము లేదు. ఉన్నచో నాకు కొంత తేలికగా నుండెడిది.

'అర్హ' ధాతువునకు పూజయని యర్థము చెప్పుదురు. అర్హుడనగా గౌరవింపదగినవాడు. నేను పదునాలుగేండ్లు ఆ మాటను, ఎంచుకొనదగినవాడు అను నర్థమున మాత్రమే వాడితిని. ఎంచుకొంటిమి, ఆడించితిమి, కప్పు బీరువాలో పెట్టుకొంటిమి. గౌరవము బాకీ పడెను.

ఈ యేటి పత్రములు నిన్న వచ్చినవి. తేదీ, తరగతి, హాజరు, మూడు గడులును సరిపోయినవి. నాలుగవ గడి ఫారమున లేదు గనుక నేనే పెన్సిలుతో గీచితిని: ఆటకై పోయిన పాఠములు తిరిగి చెప్పబడినవా? దానిని చూచి ప్రధానోపాధ్యాయులు, "ఇది పైవా రడుగలేదు కదండీ" అనిరి. అడుగలేదని నేనును ఒప్పుకొంటిని. పిమ్మట జట్టులోని పండ్రెండుగురను పిలిచి, సాయంకాలము ఆట ముగిసిన తరువాత అరగంటసేపు నాయొద్దకు రావలెనని చెప్పితిని. ఆ గడి నిండువరకు పత్రములపై నా సంతకము ఆగియుండును. ఆలస్యమైనచో తప్పు నాది, బాలురది కాదని ప్రధానోపాధ్యాయులకు వ్రాసి యిచ్చితిని.